బాపు అంటే డాడ్ కాదు

"మీరే చంపిన్రు! వీరభద్రరావ్... నువ్వు, నీ కన్సల్టెన్సీ! నా తమ్ముణ్ణి సముద్రంల తోసింది మీరే!"

కారులో ఒంటరిగా అరుస్తోంది భవిత. పిడికిలి హారన్ మీద పడుతోంది.

ముందు వెళ్తున్న నల్ల వ్యాన్ ఆగడం లేదు!

అందులో ఉన్నాడు వీరభద్రరావు. తమ్ముడు అవినాష్‌కి అమెరికాలో పనిచేసే H-1B వీసా ఇప్పించిన కన్సల్టెన్సీ ఓనర్. ముప్పై మంది ఉద్యోగుల్ని అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్ళాడు. ఈ ఉదయం ఓడ సియాటిల్‌కి తిరిగొచ్చింది.

ఇరవై తొమ్మిది మందే దిగారు.

తమ్ముణ్ణి పికప్ చేద్దామని ఊరవతల బాతెల్ నుంచి వచ్చిన భవితకి ఓడ సెక్యూరిటీ వాళ్ళు ఒకటే మాట చెప్పారు. సూసైడ్! రాత్రి డెక్ మీంచి దూకేశాడట. రుజువు... డెక్ మీద దొరికిన ఫోన్‌లో, తండ్రికి పంపిన మెసేజ్.

'నాన్నగారూ, నన్ను క్షమించండి. ఈ వీసా టెన్షన్ నావల్ల కాదు.'

నాన్నగారూ?

కరీంనగర్ పిల్లాడు! పుట్టి బుద్ధెరిగాక 'బాపు' తప్ప ఇంకో మాట ఎరగడు. బాపుని 'మీరు' అని ఒక్కసారి అన్న పాపాన పోలేదు!

"ఇది వాడు రాసింది కాదు" అని నెత్తీ నోరూ కొట్టుకుంది భవిత. ఓడ సెక్యూరిటీ ఆఫీసర్ ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించాడు.

'డాడ్, ఫర్‌గివ్ మీ.'

నాన్నగారు అన్నా డాడే. బాపు అన్నా డాడే. ఇంగ్లీషులోకి మారేసరికి హంతకుడు మాయం!

అవినాష్ దగ్గర వీసాల కోసం పుట్టించిన ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఉన్నాయి. అన్నిటి మీదా రావు సంతకం. ట్రిప్ అవగానే గవర్నమెంట్‌కి ఇచ్చేస్తానని అక్కతో అన్నాడు. పిచ్చోడు... రావుతో కూడా అన్నాడు!

తొమ్మిదిన్నరకి రావు ఫ్లైట్ అని ఓడ దిగినవాళ్ళే చెప్పారు. దుబాయ్ మీదుగా హైదరాబాద్. రావు అది ఎక్కాడా... ఇక దొరకడు!

ఎయిర్‌పోర్ట్!

కారు అక్కడే వదిలేసింది. వెనక ఎవరో కేకలేస్తున్నారు. టో చేసుకుపోతే పోనీ... పరుగు!

చెక్-ఇన్ లైన్. కౌంటర్‌కి నాలుగడుగుల దూరంలో రావు.

ట్రాలీ పట్టుకుని లాగింది. "ఎక్కడికి పోతున్నవ్?"

రావు అరిచాడు. పోలీస్ వచ్చాడు.

"ఆఫీసర్, హర్ బ్రదర్ డైడ్. షీ ఈజ్ ఇన్ షాక్." రావు గొంతులో తేనె. "ఐ యామ్ లైక్ ఫ్యామిలీ."

పోలీస్ చెయ్యి భవిత మోచేతి మీద పడింది. "మేడమ్, స్టెప్ బ్యాక్."

రావు మొహమ్మీద నవ్వు అలాగే ఉంది. భాష మాత్రం మారింది.

"ఏంటమ్మా ఈ గోల? ఇంటికెళ్ళి పడుకో."

"మెసేజ్ రాసింది నువ్వు! మావోడు బాపు అంటడు!"

"ఓహో... బాపూనా? చూసుకోవాల్సింది. మావైపు నాన్నగారే మరి." గొంతు తగ్గించలేదు. ఎందుకు తగ్గించాలి? "అయినా వీళ్ళకి రెండూ డాడేగా!"

"తోసింది కూడా నువ్వే!"

"నేనే! ఫోన్ లాక్కుని మరీ తోశా. ఏం పీకుతావ్? ఈ తెల్లోడికి చెప్తావా? వీడికి తెలుగొచ్చేంటి?"

భవిత అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

రావు తల తిప్పాడు.

లైన్! హైదరాబాద్ వెళ్ళే ఫ్లైట్ లైన్!

బాదంపప్పు కుక్కిన సూట్‌కేసులు... మనవళ్ళని చూసి వెళ్తున్న అమ్మమ్మలు... వీసా స్టాంపింగ్‌కి వెళ్తున్న ఇంజనీర్లు... అరవై మంది! అరవై మందీ తెలుగువాళ్ళే!

తెలుగులో మాట్లాడితే ఎవడికీ తెలీదన్నది అమెరికాలో రావుకి పదిహేనేళ్ళ అలవాటు. ఆ అలవాటులో ఎక్కడ నిలబడ్డాడో మరిచిపోయాడు!

"విన్నరు కదా?" భవిత లైన్ వైపు తిరిగి అరిచింది. "పోలీసుకి చెప్పండి!"

ఎవరూ కదల్లేదు.

ఒకడు ఫోన్‌లోకి తల దూర్చాడు. ఒకామె స్టాంపింగ్ ఫైల్ గుండెకి హత్తుకుంది. పోలీస్ గొడవంటే వీసా ఏమవుతుందో!

"నెక్స్ట్!" కౌంటర్‌లోంచి పిలుపు.

రావు ట్రాలీ కదిపాడు.

ధడేల్!

లైన్‌లోంచి ఓ వీల్‌చైర్ వచ్చి అతని మోకాలి చిప్పకి కొట్టుకుంది. అందులో కూర్చుని ఉండాల్సిన ముసలావిడ, వసంతలక్ష్మి, వెనక నిలబడి దాన్ని తోస్తోంది!

"నువ్వు... నడవగలవా?" అన్నాడు రావు.

"దివ్యంగా! ఇంగ్లీషు రాదని, తోసేవాడే దారి చూపిస్తాడని మా అబ్బాయి వీల్‌చైర్ బుక్ చేశాడు రా సన్నాసీ! కాళ్ళకేం రోగం?" పోలీస్ వైపు తిరిగింది. వేలు రావు గుండెకి గురిపెట్టింది. "పోలీస్! దిస్ మ్యాన్... మర్డర్!"

పోలీస్ భవిత మోచెయ్యి వదిలేశాడు. రావు మణికట్టు పట్టుకున్నాడు.

"వాట్ డిడ్ హీ సే? ఎనీబడీ?"

తలలు మళ్ళీ ఫోన్లలోకి దూరాయి!

ఫైల్ హత్తుకున్న ఆమె ముందుకెళ్ళి నిలబడింది భవిత.

"ఫ్లైట్ రేపు కూడ ఉంటది. వీడు ఉండడు! మీ వీసాల భయమే వీడి ధైర్యం. ఇయ్యాల మా తమ్ముడు... రేపు మీ ఇంట్ల ఎవరు? లైన్ల నుంచి బయటికి రండి! విన్నది విన్నట్టు ఇంగ్లీషుల చెప్పండి! ఇప్పుడే... చెప్పండి!"