ఎడమచేతి మందు

“ల్యాబ్‌లో ఇద్దరే ఉంటారు. అందులో ఒకరు విదేశీ ముఠాకి అమ్ముడుపోయారు. ఎవరో తెలీదు,” అన్నాడు చీఫ్. “ఇవాళ్టి మందు వికటించాలి, ప్రాజెక్టు మూతపడాలి. అదీ వాళ్ల ప్లాను.”

“మొదటి ఇంజెక్షన్ ఎవరికి సార్?”

“మీ అక్క కూతురికి.”

ఏజెంట్ ముంగిస అప్పటికే కుర్చీలోంచి లేచాడు.

గంటలో పంపు మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి చేరాడు. బల్ల మీద గాజు చిప్, అందులో వెంట్రుకంత కాలువ. మందు కణాలు రెండు రకాలు. కుడిచేయి, ఎడమచేయిలా ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. తూకం ఒకటే, రంగు ఒకటే. కుడిది ప్రాణం పోస్తుంది, ఎడమది తీస్తుంది. మెలితిరిగే ప్రవాహం వాటిని చెరో గట్టుకీ నెట్టేస్తుంది. చివర రెండు ట్యూబులు. ఒకటి సీసాలోకి, ఒకటి డ్రైనేజీలోకి. అవీ కవలల్లాగే ఉన్నాయి. ఉన్న సరుకు ఒక్క డోసుకే సరి, పరీక్షకి చుక్క మిగలదు.

“పంపు దగ్గుతోందా?” అన్నాడు.

“దగ్గు కాదు, ఆవలింత,” అంది చిప్ డిజైనర్ మేడమ్, ఎర్రటి పెదవులతో నవ్వుతూ. కోడ్ సరిపోయింది. డిపార్ట్‌మెంట్ ఇక్కడ పెట్టిన మనిషే. అయినా ముంగిసకి ఆ నవ్వు మింగుడు పడలేదు. మూలన పెద్ద డాక్టర్ గుడ్లురుముతున్నాడు. ఆ చూపూ నచ్చలేదు.

పంపు ఆన్ అయింది. ముంగిస గొంతు పెంచాడు.

“ఎవరో ట్యూబులు తారుమారు చేశారండీ. నేను సరిచేసేశా.”

“నిన్నెవడు ముట్టుకోమన్నాడయ్యా!” డాక్టర్ ఎగిరిపడ్డాడు. “డ్రాయింగ్ చూడందే నమ్మను!” పక్కగదిలోకి పరుగెత్తాడు.

“పెద్దాయనకి చాదస్తం. నువ్వెళ్లు తమ్ముడూ,” అంది మేడమ్.

ముంగిస స్పానర్ తెస్తానంటూ బయటికెళ్లి, తలుపు సందులోంచి చూశాడు. ఎర్ర గోళ్లు చకచకా రెండు ట్యూబులూ ఊడదీసి, అటుదిటు ఇటుదటు బిగించాయి. ఒక్క ఉదుటున వెళ్లి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

“నేనసలు వాటిని ముట్టుకోనే లేదు మేడమ్. పొద్దున మీరు చేసిన తప్పుని ఇప్పుడు మీరే దిద్దారు.”

ఆవిడ చెయ్యి విడిపించుకోబోయింది. డాక్టర్ డ్రాయింగ్‌తో వచ్చి ట్యూబుల మీదికి వంగాడు. “సరిగ్గానే ఉన్నాయే!” అంటుండగానే సీసాలో మొదటి చుక్క పడింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

“పిల్ల లేచి కూర్చుందిరా! ఆఖరి నిమిషంలో ఎవరో మేడమ్ ట్యూబులు సరిచేసిందటగా? ఆవిడ చేతులకి బంగారు గాజులు తొడగాలిరా!”

“చోటు లేదక్కా,” అన్నాడు ముంగిస. “ప్రస్తుతం బేడీలున్నాయి.”