ఊదారంగు రాకూడని సీసా

రాజధాని హైదరాబాదుకు లేచిపోయిన మరుసటి ఏడు కర్నూలులో ఖాళీ అయినవి సర్కారు ఆఫీసుల గుడారాలు మాత్రమే కాదు. ఫైళ్ల వెంట తిరిగే మనుషులు, వాళ్ల రహస్యాలు, ఆ రహస్యాలు ఆరా తీయించే శత్రువులు, అందరూ రైలెక్కి వెళ్లిపోయారు. ప్రైవేటు డిటెక్టివు దేవేంద్రప్ప మాత్రం తన గదిని, గది కిటికీని వదల్లేదు. కిటికీలోంచి గుడారాలు పీకేసిన మైదానం కనబడుతుంది. సాయంత్రమైతే ఆయనా, సహాయకుడు ఆనందం కలిసి ఆ మైదానాన్ని, అక్కడ ఇంకా ఎవరో ఉన్నట్టు, చూస్తూ కూర్చుంటారు. ఆనందం ఒకప్పుడు సచివాలయంలో టైపిస్టు. ఇప్పుడు దేవేంద్రప్ప చెప్పే ప్రతి మాటా వేదవాక్కని నమ్మడమే అతని ఉద్యోగం.

ఆ శుక్రవారం ఉదయం వాళ్లు తప్పిపోయిన ఎనుము కేసు ముగిస్తుండగా లేవి వచ్చాడు. డాక్టర్ శేషాచలంగారి నర్సింగ్ హోంలో కాంపౌండరు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"సార్, రేపు నన్ను పోలీసులకు అప్పజెప్తానంటాండాడు మా డాక్టరు. నేనేం తీయలేదు. మా ఇంటామె పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు."

"కూర్చో లేవీ. ఏం పోయింది?"

"అదే తెలీదు సార్. ఏమీ పోలేదు. రంగు ఎక్కువొచ్చిందంటాడు."

దేవేంద్రప్ప ఆనందం వంక చూశాడు. ఎనుము కేసు చాలా చిన్నదైపోయింది.

లేవి చెప్పిన సంగతి ఇది. క్షయకు వాడే మందు ఒకటి మద్రాసు నుంచి వచ్చింది. అది ఒంట్లోకి ఎంత సేపట్లో ఎక్కుతుంది, ఎంత సేపట్లో బయటికి పోతుంది అని తేల్చాలని డాక్టరుగారి పట్టుదల. అందుకని ఏ రోగమూ లేని ముగ్గురు మగవాళ్లను, ఎక్స్‌రే తీయించి మరీ, ఎంచుకున్నారు. వారానికి రెండు రోజులు వాళ్లు నర్సింగ్ హోంలోనే ఉంటారు. పొద్దున మాత్రలు మింగుతారు. తర్వాత సాయంత్రం దాకా కొన్ని గంటలకోసారి ఎవరి సీసాలో వారు మూత్రం పట్టి, వెనక వరండాలో అరుగు మీద పెడతారు. లేవి తీసుకుపోయి అందులో పసుపు ద్రావకం చుక్కలు వేస్తే, మందు ఉంటే ఊదారంగు వస్తుంది.

"ఈ రంగు సంగతి వాళ్లకూ తెలుసా?" అడిగాడు దేవేంద్రప్ప.

లేవి తల వంచుకున్నాడు. "మొదటి వారమే చూపించినా సార్. గారడీ మాదిరి ఉంటాది గదా, ముచ్చటపడినా. మాత్ర మింగినోనికే రంగొస్తాది, మింగకపోతే దొరికిపోతారని ఎగతాళి చేసినా."

నర్సింగ్ హోంలో డాక్టర్ శేషాచలం తలుపు మూసి మాట్లాడాడు. మద్రాసులో చదివిన మనిషి. ఆయన కోపం కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది.

"నేను లేవికి కూడా చెప్పని సంగతి ఒకటుంది. ముగ్గురిలో ఒకరికి ఇచ్చేది మందు కాదు, సుద్ద మాత్రలు. చూడ్డానికి అచ్చం ఒకటే. పోల్చి చూడ్డానికి అలా ఇవ్వాలి. మాత్రలు నేనే పొట్లాలు కట్టి పేర్లు రాస్తాను. సుద్ద తిన్నవాడి సీసా పసుపుగానే ఉండాలి. నెల నుంచి అది ఊదాగా వస్తోంది. పొట్లాలున్న బీరువా తాళం లేవి దగ్గర. మాత్రలు మార్చి అసలువి అమ్ముకుంటున్నాడు. వేరే దారేముంది?"

"సుద్ద ఎవరికి?"

"పెద్ద ఈరన్నకు."

"అమ్ముకునేవాడు అసలు మందు తీసి సుద్ద పెడతాడు గాని, సుద్ద తీసి మందు పెడతాడా డాక్టరుగారూ?" అని మెల్లిగా అడిగి, దేవేంద్రప్ప జవాబు కోసం ఆగకుండా వెనక వరండాకు నడిచాడు. ఆనందం ఆ మాటను మనసులో రెండుసార్లు టైపు చేసుకున్నాడు.

అరుగు మీద ఆ ఉదయపు సీసాలు మూడు ఉన్నాయి. ఇంట్లో తాగిన చెంబు కూడా తీసి పక్కన పెట్టని మగవాళ్లు ఈ సీసాలను మాత్రం దేవుడి పటాల్లా వరస తప్పకుండా అమర్చారు. మహానంది సీసా మెడదాకా ఉంది. బసవరాజుది సగం. ఈరన్నది సగం.

"నా మూత్రపిండాలు మొద్దుబారినాయంట సార్," అన్నాడు బసవరాజు. ట్రైనింగు స్కూల్లో చదువుతున్న కుర్రాడు, దిగులుగా ఉన్నాడు. "మొదట్లో నిండా వస్తాండె. ఇప్పుడు ఎప్పుడు చూసినా సగమే అంటాడు డాక్టరు. మజ్జిగ తాగమంటే ముంతలు ముంతలు తాగుతాండా. నేను పెట్టేటప్పుడు నిండుగానే అనిపిస్తాది. లేవన్న తీసేటప్పటికి సగం."

"నీ తర్వాత సీసా పెట్టేదెవరు?"

"ఈరన్న. మా ఇద్దరి మంచాలు పక్కపక్కనే సార్. మంచోడు."

పెద్ద ఈరన్న ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన రైతు. బండరాయిలాంటి మనిషి, చిన్న గొంతు.

"పెండ్లయిందా ఈరన్నా?"

"అయింది సామీ. పోయిన శివరాత్రి ముందర."

"ఇంటామె యాడుంది?"

"కడప తట్టు. పుట్టినింట్లో." ఆ రెండు ముక్కలు చెప్పడానికి అతను గోడకేసి చూడవలసి వచ్చింది. "నాకు మాత్రలేస్తే ఏమీ కాదు సామీ. ఇంకో రెండేండ్లయినా ఏసుకుంటా."

వంటింట్లో నాగక్క సంగటి కెలుకుతోంది. డిటెక్టివు వంటింట్లోకి రావడం ఆమెకు నచ్చలేదు గాని, పీట వేసింది.

"ముగ్గురికీ సంగటి, నూరిన చెనిక్కాయల ఊరిబిండే. తిన్నంక మాత్రలు. మహానందికి, ఆ పిల్లోనికి మాత్ర నోట్లో పడినంక బెల్లం కావల్ల, చేదు చేదని ఎగురుతారు. ఈరన్న ఒక్కనాడు అడగల్యా. కాకుంటే నీళ్లు శానా తాగుతాడు మాత్రకు. మూడు లోటాలు. ఆ తర్వాత పెరట్లోకి పోయి నోరు కడుక్కుంటాడు."

"సంగటికి కూడా మూడు లోటాలేనా?"

నాగక్క నవ్వింది. "యాడిది సామీ. నిమ్మకాయంత ముద్ద కారంలో అద్ది గుటుక్కుమనిపిస్తాడు. పండ్లతో నమిలే పనే ల్యా."

"ఇంకేమైనా అడుగుతాడా నిన్ను?"

"నెల నుంచి ఇంత రాగిపిండి. పెండ్లానికి పంపుతాడంట కడప బస్సులో. గేటుకాడ వాచ్‌మన్‌కు ఇయ్యమని డ్రైవరుకు బతిమాలి చెప్తాడు. పాపం, ఆ యమ్మికి దగ్గు తగ్గిందని డ్రైవరు మొన్న కబురు కూడా తెచ్చినాడు. ఆ పొద్దు సూడల్ల ఈరన్నను, నాకు కట్టెలు కొట్టిచ్చినాడు."

బయటికి వచ్చాక ఆనందం అడిగాడు. "ఏమైనా తెలిసిందా సార్?"

"రాగులకు కొదవలేని కడపకు రాగిపిండి పంపేవాణ్ని నువ్వెప్పుడైనా చూసినావా ఆనందం?"

సాయంత్రం నర్సింగ్ హోం ముందు గదిలో అందరూ కూర్చున్నారు. డాక్టరు కుర్చీలో, ముగ్గురు మనుషులు బల్ల మీద, నాగక్క గుమ్మంలో. లేవి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎవరైనా తీసుకుపోవడానికి వీలుగా. ఉదయపు సీసాలు బల్ల మీద వరసగా ఉన్నాయి, చుక్కలు వేసి. మూడూ ఊదాగా ఉన్నాయి.

"మందు ఒంట్లో కాపురం చేయదు," అని మొదలుపెట్టాడు దేవేంద్రప్ప. "వస్తాది, ఎక్కుతాది, దిగుతాది, పోతాది. డాక్టరుగారు నెల నుంచి చూస్తాండేది అదే. అయితే ఒక్కో ఒంటికి ఒక్కో నడక. మహానందికి మధ్యాహ్నానికే రంగు పలచబడుతుంది. బసవరాజుకు సాయంత్రం దాకా ఉంటుంది. అవునా డాక్టరుగారూ?"

"అవును."

"ఈరన్నకు?"

డాక్టరు తన లెక్కల పుస్తకం తిరగేశాడు. "అచ్చం బసవరాజు మాదిరే. ప్రతిసారీ."

"రెండు ఒళ్లు నెల పొడుగునా ఒకే అడుగు ఎట్లా వేస్తాయి? ఒక సీసాలో సగం తగ్గింది, పక్క సీసాలో సగం చేరింది. ఆ రెండూ కలిపితే మెడదాకా ఉన్న సీసా ఒకటి. బసవరాజు మూత్రపిండాలకు ఏ జబ్బూ లేదు, మజ్జిగ దండగ. లేవి బీరువా తీయలేదు, మాత్ర మార్చలేదు. సంగటి ముద్ద నమలకుండా మింగే గొంతుకు మాత్ర దిగడానికి మూడు లోటాలు కావల్సి వస్తే, ఆ మాత్ర గొంతులోకి పోలేదని అర్థం. దవడలో ఉంది. అక్కణ్నుంచి పెరట్లోకి, పెరట్లోనుంచి రాగిపిండిలోకి, పిండి మూటలో కడపకు పోయింది. వాచ్‌మన్ ఉండే పుట్టిల్లు కడపలో ఒకటే ఉంది ఈరన్నా. క్షయ ఆసుపత్రి."

ఈరన్న లేచి నిలబడ్డాడు.

"లేవన్నకు ఏమీ తెలీదు," అన్నాడు. "నేనే. మింగకపోతే రంగు రాదని, దొరికిపోతానని బసవరాజు సీసాలోది వంచుకున్యా. తప్పే."

"అడిగి ఉంటే..." అన్నాడు డాక్టరు.

"ఏమని అడగల్ల సామీ? ఆడ సగం దినాలే ఇస్తారంట మందు, మిగతాది ఇంటోళ్లు తెచ్చుకోవల్లంట. కొందామంటే యాడా దొరకదు. ఈడేమో రోగం ల్యానోళ్లకు మింగించి, ఉచ్చ పోయించి, రంగు చూసి పారబోస్తాండారు. మా హులిగెమ్మను నెలకొక్కసారి చూడనిస్తారు. వరండా కటకటాలకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను. చెయ్యి తాకనీయరు. నా ఊపిరి తీసి ఇయ్యమంటే ఇస్తును. అది కుదరదంటిరి. మాత్రలన్నా పోనీ అనుకున్యా."

"ఆరోగ్యవంతుల ఒంట్లో ఎంతసేపుంటుందో తెలియకపోతే, జబ్బు మనిషికి రోజుకు ఎన్నిసార్లివ్వాలో ఎలా తెలుస్తుంది?" డాక్టరు గొంతు ఇస్త్రీ చెదిరింది. "ఇది ఆమెలాంటి వాళ్ల కోసమే చేస్తున్నది."

"కావచ్చు సామీ. తగ్గుతాండాదంట ఆమెకు. ఆ మాత్రలే పని చేసినాయి."

డాక్టరు దేవేంద్రప్ప వంక చూశాడు. దేవేంద్రప్ప ఈరన్న సీసాను డాక్టరు ముందుకు జరిపాడు. ఈ ముక్క డాక్టరుదే.

"ఈరన్నా, నీకిచ్చినవి మందు కాదు. సుద్ద. నువ్వు మింగినా, మింగకపోయినా, పారేసినా నీ సీసా పసుపుగానే ఉండాలి. నువ్వు ఊరకే ఉండి ఉంటే నాకు అనుమానమే వచ్చేది కాదు."

"సుద్దనా?"

"సుద్దే. అందుకే నీకు చేదు తెలియలేదు. సుద్దకు దగ్గు తగ్గదు. ఆ కబురు..."

ఈరన్న బల్ల మీది తన ఊదా సీసా వైపు చూశాడు. తనది కాని రంగు.

"అట్లయితే హులిగెమ్మ నాకోసం అట్లా చెప్పి పంపింటాది," అన్నాడు. "నేను దిగులు పడతానని."

గుమ్మంలో నాగక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బసవరాజు జరిగి చోటిస్తే ఈరన్న కూర్చున్నాడు. డాక్టర్ శేషాచలం లేచి లోపలికి వెళ్లాడు. బీరువా పిడి లాగిన చప్పుడు వినబడింది. తాళం కోసం లేవిని పిలవాల్సి వచ్చింది. ఆ పిలుపులో 'లేవిగారూ' అన్న మాట కర్నూలు జిల్లాలో మొదటిసారి వినబడిందని ఆనందం తర్వాత చెబుతుండేవాడు.

మరునాడు కడప బస్సు దగ్గరికి దేవేంద్రప్ప, ఈరన్న, లేవి ముగ్గురూ వెళ్లారు. ఈరన్న చేతిలో అసలు మాత్రల డబ్బా, చంకలో రాగిపిండి మూట ఉన్నాయి. ఇది అయిపోయేలోగా ఇంకోటి మద్రాసు నుంచి తెప్పిస్తానని డాక్టరు మాటిచ్చాడు. ఆసుపత్రి పెద్ద డాక్టరుకు చెప్పమని లేవిని కూడా తోడు పంపుతున్నాడు. లేవి చొక్కా గుండీలు ఈసారి సరిగ్గా ఉన్నాయి.

"సామీ," అన్నాడు ఈరన్న, దేవేంద్రప్పను పక్కకు పిలిచి. "మాత్రలు చూపుకు ఒకటే గదా. పాతవి సుద్దని ఆమెకు చెప్పల్లనా?"

"దగ్గు తగ్గలేదన్న సంగతి ఆమె నీకు చెప్పిందా?"

"ల్యా."

"మరి."

ఈరన్న డబ్బా తెరిచి ఒక మాత్ర బయటికి తీశాడు. మింగలేదు. నాలుక కొసతో ఒకసారి తాకించాడు. ఆ బండరాయి ముఖం మొత్తం ముడుచుకుపోయింది. మాత్రను పంచె కొసకు తుడిచి, లెక్క తప్పకుండా మళ్లీ డబ్బాలో పెట్టాడు.

"శానా చేదుండాది," అన్నాడు. బస్సు హారను కొడుతుండగానే ఎదురంగడికి పరిగెత్తి బెల్లం కట్టించుకొచ్చి, రాగిపిండి మూట విప్పి అందులో పెట్టాడు.