నాలుగో షెడ్డులో రాత్రి కాపలా

నాలుగో షెడ్డులోంచి పోతే క్యాంటీన్ యాభై అడుగులు. చుట్టు తిరిగితే ఫర్లాంగు. అయినా ఆ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వాళ్ళు చుట్టే తిరుగుతారు. వానలో ముద్దయినా సరే, చుట్టే.

ఎందుకంటే లోపల ఫిట్టర్ ఉన్నాడు. రెండేళ్ళ కిందట, అక్కడి మూతలేని నూనె గోతిలో పడి చనిపోయిన ఫిట్టర్. చీకటి పడితే చాలు, హెల్మెట్‌తో ఇనప స్తంభాన్ని కొడతాడట. టక్... టక్... టక్...

సేఫ్టీ సూపర్‌వైజర్ మాత్రం నవ్వేవాడు. అతన్ని అందరూ టిక్కులాయన అంటారు. ఒకటో తారీఖున కుర్చీలో కూచుని, టీ చల్లారేలోగా నెలంతటికీ టిక్కులు కొట్టేసే మనిషి. దీపాలు వెలుగుతున్నాయా? టిక్కు. గోతికి మూత ఉందా? టిక్కు. ఫిట్టర్ పడి చచ్చిన రోజుక్కూడా టిక్కు ఉంది! కడుపు మండదూ?

తెల్లవారితే తనిఖీ. రాత్రి పదింటికి యజమాని టిక్కులాయన్ని పిలిచాడు.

"నాలుగో షెడ్డులో 'జాగ్రత్త' బోర్డు తగిలించి రా."

"పొద్దున తగిలిస్తా సార్..."

"ఏం, దెయ్యం భయమా? అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళాడు. స్విచ్చి నొక్కాడు... వెలగలేదు. ఎమర్జెన్సీ లైటు... అదీ అంతే. గోడకున్న టార్చి అందుకున్నాడు. లోపల బ్యాటరీలే లేవు. అన్నిటికీ టిక్కులున్నాయి. కొట్టిందెవరో వేరే చెప్పాలా?

వెనక తలుపు దభాలున మూసుకుంది.

తడుముకుంటూ ఓ అడుగేశాడు. ఇంకో అడుగు... చేతికి గోడ అందలేదు. ఇంకో...

టక్.

పై ప్రాణాలు పైనే పోయాయి.

టక్... టక్...

"కదలకు." గుసగుసగా ఓ గొంతు. "ఇంకొక్క అడుగేస్తే గోతిలో ఉంటావు."

"ఎ... ఎవరూ?"

అగ్గిపుల్ల భగ్గుమంది.

"ఇ... ఇక్కడ అగ్గిపుల్ల గియ్యకూడదు!" అన్నాడు.

"రూలు ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నా?"

ఫిట్టర్ భార్య! పగలు అదే ఫ్యాక్టరీలో ఊడ్చే మనిషి. చేతిలో మొగుడి పసుపు హెల్మెట్. ఆ వెలుగులో టిక్కులాయన కిందికి చూశాడు. అతని బూటు మొన గోతి అంచు దాటి ఉంది.

"రెండేళ్ళుగా... ఇదంతా నువ్వేనా చెల్లెమ్మా?"

"మూత వెయ్యండని మీ అందరి కాళ్ళావేళ్ళా పడ్డాను. మనిషి చెబితే ఒక్కరూ వినలేదు. దెయ్యం చెబితే మొదటి రోజే విన్నారు."

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే తన టిక్కుని ఎర్రపెన్నుతో కొట్టేసి, రిజిస్టర్ యజమాని ముందు పెట్టాడు.

"గోతికి మూత లేదు సార్."

"రెండేళ్ళుగా ఉన్న మూత రాత్రికి రాత్రి ఏమైంది? అక్కడికి వెళ్ళింది నువ్వేగా! అమ్ముకున్నావా?"

పోనీ, తనిఖీకొచ్చిన అధికారైనా చూస్తాడనుకుంటే, ఆయన గేటు దాటి రాలేదు.

"ఆ షెడ్డులో ఏదో ఉందటగా?"

"ఉంది సార్, గొయ్యి! వచ్చి చూడండి, మీకు దండం పెడతాను!"

"ఎందుకొచ్చిన గొడవయ్యా..." అంటూ ఆయన కారు మీదే కాగితం పెట్టుకుని కొట్టాడు... టిక్కు.

టిక్కులాయన తనే గోతి మీద చెక్కలు పరిచాడు. తోపుడు బళ్ళకి అడ్డమని మర్నాటికే పీకేశారు.

ఇక చేసేదేముంది? ఇప్పుడు రాత్రి పది నుంచి రెండు దాకా ఆమె. రెండు నుంచి ఆరు దాకా అతను. షిఫ్టు మారినప్పుడు హెల్మెట్ చేతులు మారుతుంది. రిజిస్టర్లో కొత్త వరుస ఒకటి గీశాడు: 'దెయ్యం పనిచేస్తోందా?' దానికి మాత్రం ఏ రోజు టిక్కు ఆ రోజే, తెల్లారాకే.

ఆదివారం ఇద్దరికీ సెలవు. హెల్మెట్, రిజిస్టర్ రెండూ బీరువాలో పెట్టి తాళం వేసుకుపోతాడు.

మొన్న ఆదివారం రాత్రి కొత్త వాచ్‌మన్ ఒకడు, దగ్గరి దారి కదా అని షెడ్డులోకి అడుగుపెట్టాడట. టక్... టక్... వాడు వెనక్కి తిరిగి పరుగో పరుగు.

సోమవారం టిక్కులాయన తాళం తీసి రిజిస్టర్ తెరిచాడు.

ఆదివారం గడిలో టిక్కు ఉంది. పెన్నుతో కాదు... నల్లటి నూనె వేలితో.