ఆరో సున్న

పటాన్‌చెరు కంపెనీల దిక్కు, రోడ్డుకు ఎడంగ ఒక రేకుల షెడ్డుండె. పొద్దుగూకినంక దాని ముంగట నడువాలంటె మొగోళ్ళకు సుత గుండె జారుతుండె. డెబ్బై నాలుగుల సంగతి. ఫైబర్ పడవలు పోసే చిన్నరాములు మిస్త్రి అందులనే పానం ఇడిశిండు. అప్పటిసంది రాత్రయితె చాలు, లోపట ఎవరో పడవను కొట్టి చూస్తున్నట్టు... టక్... టక్... అని సప్పుడట.

అదే షెడ్డుల పనిజేసే ఏలీయా మిస్త్రి మాత్రం నమ్మలే. బతికున్ననాడే చిన్నరాములును లెక్కజెయ్యనోడు, సచ్చినంక జేస్తడా? పదిమంది ముంగట తన పనికి రాములు వంక పెట్టిండని తొమ్మిదేండ్లు మాట బంద్ జేసిండు. సావుకు గూడ పోలే.

ఆ యేడు హుసేన్‌సాగర్ల తిరిగే తెరచాప పడవొకటి షెడ్డుకొచ్చింది. లోపట స్టవ్వు పడి అంటుకున్నదట. బయట కడిగిన పళ్ళెం లెక్క తెల్లగున్నది. లోపటంత మసి. కాలిన జాగలు తెల్లారెవరకు ఏలీయా గుర్తువెట్టాలె, అవే కోసి కొత్తగ పోస్తరు. ఒక్కటి తప్పినా నడినీళ్ళల్ల పడవ పగుల్తది, మనుషులు పోతరు.

ఫోర్మన్ వీర్రాజు నవ్విండు. "ఎందుకండీ మిస్త్రి గారూ ఈ యాతన? మసి కడిగి రంగేసేద్దాం."

"అందుల నీ పెండ్లాం పిల్లల్ని కూసోవెడ్తవా?"



రూపాయి బిళ్ళతోని కొడితె గట్టి జాగ ఖణ్ మంటది. లోన కాలిన జాగ డబ్ మంటది. పగలు మిషిన్ల మోతల అది ఇనరాదు. అందుకే రెండో షిఫ్టు దిగినంక ఏలీయా ఒక్కడే షెడ్డుల జొచ్చిండు. లోపటినుంచి గొళ్ళెం పెట్టిండు. బ్యాటరీ లైటు మెడకు ఏలాడేసుకోని పడవల దిగిండు.

ఖణ్... ఖణ్... డబ్.

సుద్దతోని సున్న చుట్టిండు. అంతల... బయటినుంచి, సరిగ్గ అదే జాగల...

టక్.

చెయ్యి ఆగింది. "వీర్రాజూ... నీ ఏషాలు నా తాన నడువయి" అని గొణిగి, మల్ల కొట్టిండు. ఏడ డబ్ మంటె ఆడ, బయటినుంచి టక్. సున్నలు ఐదయినయి.

పడవ ముక్కు కాడ, బలానికని లోపట ఏసిన ఒక చెక్క బద్ద పక్కన కొట్టిండు. ఖణ్. ముంగటికి జరిగిండు. కని బయట ఆ జాగనే... టక్. టక్. టక్. ఇడుస్తలేదు.

"నాకు నేర్పుతవారా!"

దబ్బున బయటికి దుంకిండు. ఎవరు లేరు. గొళ్ళెం పెట్టినట్టే ఉన్నది.

పడవ మీద లైటు కొట్టిండు. తెల్లటి రంగు మీద మసి ఏలితోని చుట్టిన సున్నలు. అంచునుంచి జానలు పెట్టి కొలిసిండు. లోపటి సుద్ద సున్నలకు సరిగ్గ ఎదురుంగ, ఒక్కొక్కటే... ఐదు.

ముక్కు కాడ ఆరోది.

బిళ్ళ తీసి, బయటినుంచి ఆ సున్న నడుమ కొట్టిండు.

డబ్.

లోపట ఆ చెక్క బద్ద బలానికి గట్టిగ మోగింది. అది నమ్మి దాటిపోయిండు. మసి సున్న మీద చెయ్యి వెట్టిండు. ఆఖరికి, ఎవరు ఇంటరోనన్నంత సన్నగ అన్నడు—

"తప్పు నాదే... రాములూ."

అప్పుడు, ఎవరు లేని ఆ పడవ లోపటినుంచి... మెల్లగ...

టక్.