వదిలేసిన మొదటి వరుస

అంగారకుడి మీద మూడో కాలనీలో మనుషులు ప్రోగ్రాములు రాయడం మానేసి నలభై ఏళ్లయింది. రాయడం మానేశారు గానీ పరీక్ష మాత్రం మానలేదు. 2074లో ప్రోగ్రాములు రాసే యంత్రాలన్నీ ఒక పూటంతా మూగబోయి జనం ఊపిరాడక అల్లాడిపోయాక ఒక నియమం పెట్టారు. కాలనీకి గాలి అందించే గాలిశాలలో ఉద్యోగం కావాలంటే ఎవరైనా సరే, యంత్రం సాయం లేకుండా, పైథాన్‌లో మూడు చిన్న ప్రోగ్రాములు సొంతంగా రాసి చూపించాలి. మొదటిది అంకెలది: పది సంఖ్యల సగటు. రెండోది అక్షరాలది: ఒక పేరాలో ఎన్ని మాటలున్నాయో లెక్క. మూడోది డేటా ఫైలుది: ఆ ఉదయం గదిగదికీ తీసిన ఆక్సిజన్ రీడింగులు చదివి, అన్నిటికన్నా తక్కువున్న గది పేరు చెప్పాలి.

ఆ మూడూ హైమవతి పంతొమ్మిదేళ్లుగా నేర్పుతోంది. ఇప్పుడామెకి ఫర్ లూప్ అన్న మాట వింటేనే ఆవులింత వస్తుంది. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మందిని పాస్ చేసింది. అందరి జవాబూ ఒక్కటే. ఆమె ఇచ్చిన కీ బట్టీపట్టి, కామాతో సహా దించేస్తారు. ఆమెకీ దిద్దడం తేలిక, చూపు అలా జారిపోతుంది.

ఆ రోజు మాత్రం హాల్లోకి ఒక కొత్త యంత్రం వచ్చింది. దాన్ని తయారుచేసిన డాక్టర్ రెహానా దానికి అవగాహనమాపి అని పేరు పెట్టింది. నుదుటికి చుట్టుకునే పట్టీ, దానికో మీటరు, అంతే. గుర్తున్నదాన్ని అప్పజెప్పేటప్పుడు మెదడులో ఒక రకం తరంగాలు, అర్థం చేసుకుని చేసేటప్పుడు మరో రకం తరంగాలు పుడతాయట. ఆ న్యూరల్ తరంగాలను వేరుచేసి, సున్నా నుంచి వంద దాకా ముల్లు చూపిస్తుంది.

పన్నెండు మంది రాశారు. పదకొండు మందివి కీతో సరిపోయాయి, ముల్లు పది దాటలేదు. పన్నెండోవాడు ఓబులేసు. అనంతపురం వైపు మనిషి, ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే వచ్చే ఓడలో భూమికి తిరుగుప్రయాణం. భార్య ఇక్కడే, వంటశాలలో పని, ఆమె ఒప్పందం ఇంకో ఆరేళ్లుంది. మూడో ప్రశ్నకు అందరి ప్రోగ్రాములూ "గోదాము" అని చూపిస్తే అతనిది "వంటశాల" అని చూపించింది. ముల్లు తొంభై ఒకటి చూపించింది.

"తప్పు జవాబుకి తొంభై ఒకటా?" అంది హైమవతి నీరసంగా.

"కొలత సరిచూడాలి మేడం. సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లు ఒకరు పెట్టుకుంటే చాలు. మీకన్నా ఎవరున్నారు?" అంది రెహానా.

హైమవతి పట్టీ కట్టుకుని మూడో ప్రోగ్రాము గడగడా రాసేసింది. ముల్లు ఆరు దగ్గర ఆగింది. రెహానా మొహమాటపడి మీటరు తట్టి చూసింది. అది ఆరు దగ్గరే ఉంది. హైమవతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఓబులేసూ, ఇలా రా. ఫైల్లో మొదటి వరుస దాటించే నెక్స్ట్ అన్న ఆదేశం నువ్వెందుకు రాయలేదు?"

"యాల రాయల్ల మేడం? మొదటి వరసే వంటశాల గదా. మా ఆడమనిషి పంజేసే గది. దాన్ని దాటేస్తే ఆడ గాలి తక్కువైనా మనకెట్ల తెలుస్తాది?"

"ఇంతకుముందు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"రెండు తూర్లు జెప్పినా మేడం. కీ జూసుకో పో అంటిరి."

ఆమె ఫైలు తెరిచింది. కీ రాసిన కొత్తలో మొదటి వరుసలో గది, రీడింగు అనే శీర్షికలుండేవి. అందుకే దాన్ని దాటించమంది. తర్వాత కొత్త సెన్సర్లొచ్చి శీర్షికలు తీసేశాయి. కీ మాత్రం అలాగే ఉండిపోయింది. మొదటి వరుసలో ఇప్పుడు "వంటశాల, 18.9" అని ఉంది. గోదాముది 19.4. మధ్యాహ్నం నలభై మంది కూర్చుని తినేది ఆ వంటశాలలోనే. ప్రోగ్రాములు రాసే యంత్రాలు మళ్లీ మూగబోయిన రోజున నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కడూ ఆ గదిని చూడడు.

కబురందుకుని గాలిశాల అధిపతి పరాంకుశం వచ్చాడు. అంతా నిలబడే విన్నాడు.

"నాలుగొందల మందినీ మళ్లీ పరీక్షకి కూర్చోబెడితే గాలిశాల ఎవరు నడుపుతారమ్మా? పైగా ఈ పట్టీ అందరికీ కడతారా? ఊళ్లో ఎవరి పరువు మిగుల్తుంది?"

"ముందు మీరొకసారి పెట్టుకుని చూడండి సార్," అంది రెహానా.

"నాకసలే తలనొప్పి," అని ఆయన ఒక కుర్చీ దూరం జరిగాడు. తర్వాత హైమవతి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఓబులేసుని పాస్ చేద్దాం, వాడి సంసారం వాడు చూసుకుంటాడు. వచ్చే బ్యాచ్ నుంచి కీ మార్చండి, నేనేమీ అడగను. పాతవాళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఈ యంత్రం పనిచేయదని ఒక్క ముక్క రాసివ్వండి."

"అలా రాయకండి మేడం," అంది రెహానా.

ఓబులేసు గోడవారగా నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. హైమవతి ఎంతగానో అలిసిపోయి ఉంది. పోట్లాడాలంటే నాలుగు వందల పన్నెండు మందిని పిలవాలి, వాళ్లందరి ముందూ నిలబడి నాకే తెలియదని చెప్పాలి. ఈ లోపల ఓడ వచ్చేస్తుంది, పాసు కాకుండానే ఓబులేసు వెళ్లిపోతాడు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది.

ఆమె కలం తీసుకుంది. "యంత్రం లోపభూయిష్టం, ఫలితాలు నమ్మదగినవి కావు" అని రాసి సంతకం పెట్టింది. పాతవాళ్లు ఎప్పటికీ ఆ గదిని చూడరని తెలుసు, ఆ గదిలో భోంచేసేది ఎవరో తెలుసు, తాను రాస్తున్నది ఎంత అబద్ధమో కూడా తెలుసు.

ఆమె నుదుటి పట్టీ విప్పాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. రెహానా ఒక్కతే మీటరు వైపు చూసింది. ముల్లు తొంభై తొమ్మిది దగ్గర కదలకుండా నిలబడి ఉంది.