మంచి పిల్ల నీళ్లు తాగదు

పొద్దున ఏడింటికే కరుణ నాలుగోసారి గ్లాసు కడిగి కొత్తగా నీళ్లు పోసింది. గ్లాసు మారినట్టు కనిపిస్తే పిల్ల తాగుతుందేమోనని ఆశ. గోడకు ఆనుకుని కూర్చున్న నవత పెదవులు బిగించి తల అటు తిప్పుకుంది. ఆరేళ్ల పిల్ల. మూడు రోజుల జ్వరానికి కళ్లు లోతుకు పోయాయి.

"జర తాగు బిడ్డా. ఒక్క గుటక."

"నహీ మమ్మీ. ప్యాస్ నహీ హై, దాహం లేదు."

2021 ఏప్రిల్ అది. పిల్లకు జ్వరమని తెలియగానే సూరత్ నవాగామ్‌లోని ఆ వరుస గదుల తలుపులన్నీ మూసుకున్నాయి. నిన్న పరీక్షలో కరోనా కాదని తేలింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నాడు డాక్టరు. మందు రాసి, గంటగంటకూ నీళ్లు పట్టమన్నాడు. ఈ సాయంత్రానికి మూత్రం సరిగా రాకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు. ఏ ఆసుపత్రిలోనూ మంచాలు దొరకని రోజులవి. "ఇంట్లో నీళ్లు బాగా తాగుతుందా?" అని అడిగితే "తాగుతది సార్" అన్నది కరుణ. ఆ అబద్ధానికి ఆమె ఆలోచించుకోవలసిన అవసరం కూడా లేకపోయింది.

అత్త నర్సవ్వ వచ్చి మనవరాలి ముందు కూర్చుంది. చెంబెత్తి గటగటా తాగింది.

"ఇగో, నీ వంతు గూడ నేనే తాగుతున్న. ఇగ నా కడుపు డ్రమ్మయితది. గల్లీ వాళ్లంత ట్యాంకరు వచ్చిందనుకొని నా మీదికి బకెట్లు పట్టుకొని ఉరికొస్తరు. నీకు నవ్వొస్తది గానీ నేనేం గావాలె?"

నవతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బ, ఏం మొండిదే! అచ్చం వాళ్ల నాయన తీరే" అన్నది నర్సవ్వ.

ఆ నాయన చిరంజీవి అప్పుడే మరమగ్గాల కార్ఖానాలో రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. తలనిండా సాంచెల మీది దారపు నుసి.

"తాగిందా?"

"ఏడిదిరా, మూతి తెరుస్తలేదు."

చేతులు కడుక్కుని వచ్చి గ్లాసు అందుకున్నాడు. కాసేపు బుజ్జగించాడు. తర్వాత అతని గొంతు మారింది.

"ఆస్పత్రిల పండవెడ్తరు. మమ్మీని రానియ్యరు, నన్ను రానియ్యరు. ఒక్కదానివే ఉంటవా? ఎందుకు తాగవ్? ఎవలన్న వద్దన్నరా?"

నవత కరుణ వైపు చూసింది. ఒక్క క్షణమే. వెంటనే తల దించుకుంది.

"ఎవరూ అన్లే. నాకే ఇష్టం లేదు."

బియ్యం కడుగుతున్న కరుణకు ముందు కలిగింది ఊరట. బిడ్డ తనను పట్టివ్వలేదన్న ఊరట. ఆ తర్వాతే తన మీద తనకు భయం వేసింది.

ఎనిమిది గదులకు ఒకటే మరుగుదొడ్డి, వరండా చివరి సండాసు. మూడు వారాల కింద మూడో గది లస్మయ్యకు కరోనా వస్తే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి కరుణ పిల్ల నీళ్లు కొలవడం మొదలుపెట్టింది. తాగితే పోవాలి, పోతే అంటుకుంటుంది. భయపెడితే పిల్ల వినలేదు. అప్పుడు ఆమెకు మెచ్చుకోవడం తోచింది. "పొద్దుందాక రెండుసార్లే పోయినవా? నీ అసొంటి మంచి పిల్ల ఈ సూరత్ మొత్తంల లేదు" అని ముద్దు పెట్టింది. రెండు ఒకటయింది. ఒక సాయంత్రం నవత ఎగురుకుంటూ వచ్చి "ఆజ్ ఏక్ బార్ భీ నహీ గయీ, మమ్మీ! ఒక్కసారి గూడ పోలే!" అన్నది. ఆ రోజు కరుణ రొట్టె మీద చక్కెర చల్లి పెట్టింది.

"మొండితనం జేస్తవా?" చిరంజీవి చెయ్యి లేచింది.

కరుణ తడిచేతులతోనే వచ్చి మధ్యలో నిలబడింది.

"దాన్ని అనకు. నేనే వద్దన్న. తాగకుంటే మంచి పిల్లవని నేనే నేర్పిన."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి కిందికి దిగింది గానీ గొంతు దిగలేదు.

"పాగల్‌వా నువ్వు? మరి డాక్టర్ అడిగితే తాగుతదని ఎట్ల చెప్పినవ్?"

"నా తప్పని చెప్పనీకి నోరు రాలె. నీ చెయ్యి లేచేదాక గూడ రాలె. దాన్నే తిట్టనిచ్చిన."

ఇక అత్త అందుకుంటుందని కరుణ తల వంచుకుంది. నర్సవ్వ ఆమె ఎండిన పెదవుల వంక చూస్తూ ఉండిపోయింది.

"పొద్దటి సంది నువ్వెన్ని తాగినవే?"

కరుణ కొంగుతో పెదవులు కప్పుకుంది.

"పిల్ల నిన్ను జూసే నేర్సింది. నువ్వు నన్ను జూసి నేర్సినవ్. బీడీల కార్ఖాన కాడ ఆడోళ్లు పోనీకి జాగ లేకుండె. గొంతు తడుపుకునుడే, తాగుడు లేదు. నువ్వు ఈ ఇంటికొచ్చిన కొత్తల నీకూ గదే చెప్పిన. మాటిమాటికి బయటికి పోకు, నీళ్లు తక్కువ తాగుమని. నేను మర్సిపోయిన. నువ్వు మర్వలె."

"లస్మయ్య పోయిన నాడు పిల్లను ఆ దిక్కు పోనియ్యకుమన్నది నేనే. మరి ఏడికి పోతదో ఆలోచన జెయ్యలె" అన్నాడు చిరంజీవి. మూలనున్న బ్లీచింగ్ డబ్బా, చీపురు, బకెట్టు తీసుకుని, రాత్రంతా నిలబడ్డ కాళ్లతో సండాసు వైపు నడిచాడు.

కరుణ బిడ్డ ముందు కూర్చుని గ్లాసు నిండా పోసుకుని పూర్తిగా తాగింది. నవత ఆశ్చర్యంగా చూసింది.

"మమ్మీ, నీకొస్తే?"

"పోదాం. ఇద్దరం పోదాం. మాస్కు కట్టుకుందాం, సబ్బుతోని చేతులు కడుక్కుందాం."

"మరి నేను మంచి పిల్లను కాకుండ అయిత గదా?"

కరుణకు ఏడుపు ఆగలేదు. "నువ్వు ఎన్నిసార్లు పోయినా మంచిదానివే. మమ్మీ నీకు తప్పు చెప్పింది బిడ్డా. మమ్మీదే తప్పు."

నవత ఒక గుటక మింగి తల్లి ముఖం చూసింది. ఇంకో గుటక. మళ్లీ చూసింది. గుటక గుటకకూ ఆ చూపు కరుణకు తగులుతూనే ఉంది. మధ్యాహ్నానికి మూడు గ్లాసులు అయ్యాయి.

మూడు దాటాక పిల్ల వచ్చి చెవిలో "ఆయీ హై, వస్తుంది" అన్నది. ఇద్దరూ చెయ్యి పట్టుకుని వరండా చివరికి నడిచారు. లోపల కరుణ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మండుతుంది మమ్మీ!"

"తెలుసు బిడ్డా. నా చెయ్యి గట్టిగ పట్టుకో."

చిన్న గోళ్లు మణికట్టులో దిగాయి. కరుణ చెయ్యి కదపలేదు. ధార ఆగి ఆగి, చివరికి సాఫీగా వచ్చింది.

చేతులు కడుక్కుంటూ నవత మెల్లగా అడిగింది. "మల్లొస్తది కావచ్చు. మల్ల పోవచ్చా?"

"పోవచ్చు. అడగొద్దు బిడ్డా. ఎప్పుడొస్తే అప్పుడు పోవుడే."

నవత వెంటనే తలూపలేదు. ముందు తల్లి ముఖం వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఊపింది.