రెండు స్టీరింగ్‌ల ఆట

మాల్ నాలుగో అంతస్తులో వీడియో గేమ్‌ల దుకాణం ఉండాల్సిన చోట మౌనశాల ఉంది. అద్దాల వెనక మెత్తటి కుర్చీల వరసలు. కుర్చీకొక మనిషి, ప్రతి నుదుటా ఒక మనోవలయం. అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి, అందరి పెదాల మీదా నవ్వుంది.

“ఇదేనా నువ్వు చెప్పిన షాపు?” అంది మిహిక. “ఇలాంటిది మా స్కూల్లోనూ ఉందిగా.”

“ఇది కాదే. ఇక్కడ డిస్కులమ్మేవాళ్ళు. గోడ నిండా డబ్బాలే. ఒకటి కొనుక్కుంటే ఇంట్లో ఇద్దరం కలిసి ఆడుకోవచ్చు.”

“ఇద్దరికీ ఒకటే ఆటా? మరి ఎవరి బుర్రలోంచి వస్తుంది?”

ప్రత్యూషమ్మకు నవ్వొచ్చింది. ఆ డిస్కుల కోసం పొద్దుటి నుంచి విశాఖ అంతా తిరిగారు. ఇదే ఆఖరి మాల్. సాయంత్రం మాల్ కిందికి అల్లుడు నిశాంత్ వస్తాడు, పిల్లను నాగపూర్ తీసుకెళ్ళిపోతాడు. ఇకమీదట మిహిక తండ్రి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పింది. ఈలోగా మనవరాలితో ఒక్క ఆటైనా ఆడాలని ఆమె ఆశ.

మనోవలయం వచ్చాక డిస్కులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. అది పెట్టుకున్నవాళ్ళ కోరికలు చదివి వాళ్ళొక్కరి కోసమే ఆట అల్లుతుంది. ఓటమి అంచుదాకా తీసుకెళ్ళి, ఊపిరి బిగబట్టించి, చివరికి గెలిపించి తీరుతుంది. దానితో ఆడే పిల్లలు ఏడవరు, పేచీ పెట్టరు. కూతురు హంసిని డ్యూటీకి వెళ్తూ మిహిక నుదుట వలయం పెట్టి వెళ్ళేది. తన మధ్యాహ్నం కునుకు కోసం ప్రత్యూషమ్మ మాత్రం పిల్లకు ఎన్నిసార్లు పెట్టలేదు! అయినా జడ్జి అడిగినప్పుడు, “రోజంతా వలయంతోనే ఉంటుందండీ, వాళ్ళమ్మకు తీరదు” అని ఊరుకుంది. తన కునుకు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాటతోనే తీర్పు తండ్రి వైపు తిరిగింది. అప్పటి నుంచి హంసిని తల్లితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు.

“పోనీలే, వెళ్ళిపోదాం” అంటూ లిఫ్టు వైపు నడిచిన ఆమె చప్పున ఆగింది. పూలకుండీల మధ్య అలంకారానికి నిలబెట్టిన పాత ఆటపెట్టె, దానికి రెండు స్టీరింగ్‌లు. మీట నొక్కితే తెర వెలిగింది.

“ఎర్రకారు నీది, నీలంది నాది. తొక్కవే!”

మొదటి మలుపుకే ప్రత్యూషమ్మ తన వయసు మరిచిపోయింది. “జరుగు జరుగు, అమ్మమ్మ వస్తోంది” అంటూ మనవరాలిని వెక్కిరించింది. మిహిక పకపకా నవ్వుతూ తన కారుతో గుద్దింది. చివరి మలుపులో ప్రత్యూషమ్మ ఇంకేమీ ఆలోచించలేదు, దూసుకుపోయింది.

“గెలిచేశా!”

మిహిక ఇంకా స్టీరింగ్ తిప్పుతూనే ఉంది. “నాది ఆగిపోయిందమ్మమ్మా. పెట్టె పాడైనట్టుంది.”

“పాడవలేదే తల్లీ. నువ్వు ఓడిపోయావు.”

పిల్ల స్టీరింగ్ వదిలేసింది. అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. “ఇక్కడేంటో అవుతోంది.”

“అందరికీ అవుతుందమ్మా. తగ్గిపోతుంది. ఇంకోసారి ఆడదాం రా” అంటూ కంగారుగా మీట నొక్కబోయింది ప్రత్యూషమ్మ. ఇంతలో కింద పార్కింగులో ఉన్నానంటూ నిశాంత్ ఫోన్ చేశాడు.

లిఫ్టులో మిహిక అడిగింది.

“అమ్మ కోర్టులో ఓడిపోయిందని నాన్న చెప్పాడు. అదేదో కాగితం పనేమో అనుకున్నా. అమ్మకి కూడా ఇక్కడ ఇలాగే అయ్యిందా?”

“అయ్యే ఉంటుందమ్మా.”

“నన్నైతే నువ్వు ఓడించావు. మరి అమ్మనెవరు ఓడించారు?”

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా నిశాంత్. “రండత్తయ్యా, ఇప్పటికే ఆలస్యమైంది.”

ప్రత్యూషమ్మ అడుగు బయటపెట్టలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని వంగింది.

“నేనే” అంది.

మిహిక ఆమె ముఖంలోకి చూసింది. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. చెయ్యి మాత్రం మెల్లగా విడిపించుకుని నాన్న వైపు నడిచింది.